నల్ల జంటకు తెల్ల పిల్ల

ఒకానొక రాజ్యంలో అని మొదలుపెట్టగానే ఏ రాజ్యమని అడిగేవాళ్లు ఎప్పుడూ ఒకరుంటారు. చిత్రగిరి రాజ్యం. పటంలో వెతక్కండి, దొరకదు. అయినా అది మాదేనని మా వైపు ప్రతి ఊరివాళ్లూ చెప్పుకుంటారు. ఓబుళమ్మ పుట్టిన గడ్డ మరి, ఎవరు వదులుకుంటారు?

చిత్రగిరిని ఏలే ఉద్దండమల్ల మహారాజుకు నూటపదహారు బిరుదులుండేవి. ఆయన భోజనానికి కూర్చుంటే వందిమాగధులు అవన్నీ వరసగా చదివేవారు. చదవడం ముగిసేసరికి విస్తట్లో అన్నం చల్లారిపోయేది. చల్లన్నమైనా తినేవాడుగానీ ఒక్క బిరుదు తగ్గించడానికి ఒప్పుకునేవాడు కాదు. చెడ్డవాడనడానికి లేదు. వంశం మాట వస్తే మాత్రం ఆయనకు ఎదుటి మనిషి కనబడేవాడు కాదు.

ఆ వంశానికి గుర్తు నల్ల కుందేలు. మూలపురుషుడు యుద్ధంలో అలసి గుడారంలో కునుకు తీస్తుంటే శత్రువులు చప్పుడు చెయ్యకుండా వచ్చారట. ఒక నల్ల కుందేలు వెనక్కాళ్లతో నేలను దబదబా బాది ఆయన్ని లేపిందట. అప్పటి నుంచి జెండా మీదా నల్ల కుందేలే, రాజముద్ర మీదా నల్ల కుందేలే. దసరా ఊరేగింపులో రాజుగారి ఏనుగు వెనక ఒక బుల్లి పల్లకి వచ్చేది. అందులో పట్టుపరుపు మీద బతికున్న నల్ల కుందేళ్ల జంట ఉండేది. పొరుగు రాజ్యాల రాయబారులు వాటికి కూడా నమస్కారం పెట్టాలి. పెట్టేవాళ్లు, నవ్వు ఆపుకుంటూ.

ఈ కుందేళ్లను పెంచే వనం కోట వెనక ఉండేది. ఐదు తరాలుగా దాని పెంపకం ఒకే ఇంటిది. అత్త చేతి నుంచి కోడలి చేతికి వచ్చే పని. మన కథ జరిగేనాటికి అది ఓబుళమ్మ చేతిలో ఉంది. నలభై దాటిన మనిషి, మాట తక్కువ, ఒక్క అక్షరం ముక్క రాదు. అయితే ఆమె పాకలో ప్రతి గూటి ముందూ ఒక తాడు వేలాడుతుండేది. కుందేలు ఈనినప్పుడల్లా పిల్లల రంగును బట్టి నూలు తీసుకుని ఆ తాటికి ముడులు వేసేది. నల్ల పిల్లకు నల్ల ముడి, మట్టిరంగు పిల్లకు మట్టిరంగు ముడి. పిల్ల పెద్దదై దానికి వేరే గూడు వస్తే, దాని తాటిని తల్లి తాటి కొసకు కట్టేది. ఐదు తరాల అత్తలు వేసిన ముడులన్నీ అలా దూలాల నిండా వేలాడేవి. కొత్తగా చూసినవాళ్లు ఎవరో జపమాలలు ఆరేశారనుకునేవారు.

ఆమె అత్త పోతూ పోతూ చెప్పిన విద్య కూడా పెద్దదేం కాదు. కుందేలు రంగు చూసి దాని పిల్లల రంగు చెప్పొద్దు, దాని అవ్వ ఏ రంగో కనుక్కొని చెప్పు, అంది. ఇరవై ఏళ్లలో ఓబుళమ్మ ఆ మాట తప్పి ఒక్కసారి కూడా చెప్పలేదు.

ఆ ఏడు వానాకాలంలో, దసరాకు పల్లకి ఎక్కాల్సిన జంట ఈనింది. ఆరు పిల్లలు. ఐదు నల్లవి. ఆరోది పాలల్లో ముంచి తీసినట్టు తెల్లగా ఉంది.

వేరే మనిషైతే గుట్టుగా ఆ పిల్లను ఏ గంపలోనో దాచేసేది. ఓబుళమ్మకు ఆ ఆలోచనే రాలేదు. తన అత్త హయాంలో ఒకసారి వచ్చిన తెలుపు మళ్లీ తన చేతుల్లో వచ్చిందని పొంగిపోయి, పిల్లను ఒళ్లో పెట్టుకుని కాపలావాళ్లందరికీ చూపించింది. వనంలో పుట్టినదాన్ని దాచడం ఆ ఇంట్లో ఏ అత్తా ఏ కోడలికీ నేర్పలేదు. సాయంత్రానికల్లా ఆ సంగతి ఆస్థాన పండితుడు గరుడాద్రి సోమయాజులుగారి చెవిన పడింది.

సోమయాజులుగారు తెలియదు అనే మాట పుట్టి బుద్ధెరిగి అన్నవారు కాదు. వర్షం ఎప్పుడు పడుతుందో చెప్పేవారు. పడకపోతే ఎందుకు పడలేదో అంతకన్నా గట్టిగా చెప్పేవారు. ఆయన నిండు కొలువులో లేచి, రాజవంశ చిహ్నానికి కళంకం వచ్చిందన్నారు. నల్ల జంటకు తెల్ల పిల్ల పుట్టడం సృష్టిలో లేదన్నారు. ఓబుళమ్మ ఎవరి దగ్గరో ఏదో పుచ్చుకుని, బయటి మగ కుందేలును రాజవనంలోకి దొంగతనంగా చొరనిచ్చిందని తేల్చారు.

వంశం, కళంకం అనే రెండు మాటలు పక్కపక్కన వినబడేసరికి రాజుకు ఒళ్లు మండింది. ఓబుళమ్మను పిలిపించి అడగను కూడా లేదు. ఆమెను కొలువు నుంచి తీసేశామనీ, వనంలో దొంగపని చేసిందనీ ఊరంతా దండోరా వేయించాడు. కొలువు పోతే ఆమెకు కూడు కరువేం కాదు, చేతిలో పనుంది. ఐదు తరాల ఇంటిమీద దొంగ అనే మాట పడింది. అది ఆమెకు మింగుడుపడలేదు.

మర్నాడు ఆమె తనంతట తానే కొలువుకు వచ్చింది. వచ్చి, తన తప్పేమిటో పండితులవారి నోటితోనే వినాలని ఉందని మనవి చేసుకుంది. సోమయాజులుగారికి అంతకన్నా ఏం కావాలి? ఉత్తరీయం సర్దుకుని మొదలుపెట్టారు.

"బీజం ఏ రంగో ఫలం ఆ రంగు. నలుపుకు నలుపు పుడుతుంది, తెలుపుకు తెలుపు పుడుతుంది. తల్లిలోనూ తండ్రిలోనూ లేని రంగు బిడ్డలో కనబడిందా, మధ్యలో మూడోవాడు వచ్చాడని అర్థం. చీమ మొదలు బ్రహ్మ దాకా ఇదే నియమం."

ఓబుళమ్మ ఆ మాటలు ఒక్కొక్కటే లోపల ముడివేసుకుంటున్నట్టు తలూపుతూ విన్నది.

"సామీ, నాకు శాస్త్రం తెలీదు. ఒక జంటను కడదాం. పుట్టేవి ఏ రంగో మీరూ చెప్పండి, నేనూ చెప్తాను. నా మాట తప్పితే ఊరొదిలి పోతాను. తప్పకపోతే నా పని నాకియ్యాల," అంది.

రాజుకు పందేలంటే ప్రాణం. సరేనన్నాడు. వనంలోకి స్వయంగా వెళ్లి, బొగ్గులా నిగనిగలాడే మగ కుందేలును తానే ఏరాడు. ఆడదాన్ని ఓబుళమ్మ తన ఇంట్లో వేరే పెంచుకునే కుందేళ్లలోంచి తెచ్చింది. దాని అవ్వకు అవ్వను ఎప్పుడో అడవి దాపున సంతలో కొన్నారు. ఇది మాత్రం మల్లెపువ్వులా తెల్లటిది.

సోమయాజులుగారు తడుముకోకుండా చెప్పారు. తండ్రి నలుపు, తల్లి తెలుపు గనక పిల్లల్లో సగం నల్లవి, సగం తెల్లవి, మహా అయితే ఒకటి రెండు మచ్చలవి. ఓబుళమ్మ వంతు వచ్చేసరికి, అన్నీ అడవి కుందేలు రంగువే పుడతాయనీ, అచ్చం మట్టిరంగనీ, ఒక్కటంటే ఒక్కటి నల్లది గానీ తెల్లది గానీ ఉండదనీ చెప్పింది. కొలువు కొలువంతా గొల్లున నవ్వింది. నలుపుకూ తెలుపుకూ మట్టిరంగేమిటని సేనాపతి కళ్లనీళ్లు తుడుచుకున్నాడు. రాయసకాడు రెండు జోస్యాలూ తాటాకు మీద రాసి పెట్టాడు.

జంట కలిసిన తర్వాత తెల్లదాన్ని ఒక రాతి గదిలో ఉంచారు. నేల బండలే, గోడలు బండలే, పైకప్పు కూడా బండలే. తలుపుకు రాజుగారి ముద్ర వేశారు. మేత వెయ్యడానికి గుప్పెడంత కిటికీ, దానికి ఇనప ఊచలు. చుట్టూ నలుగురు భటులు. ఓబుళమ్మను ఆ గది ఛాయలకు కూడా రానివ్వలేదు. ఆమె ఇంట్లో కూర్చుని గడ్డి తాళ్లు పేనుకుంటూ రోజులు లెక్కపెట్టుకుంది.

ముప్పై ఒకటో రోజున కుందేలు ఈనింది. ఏడు పిల్లలు. కుందేలు పిల్లలు పుట్టగానే ఒంటిమీద వెంట్రుకన్నది ఉండదు, ఎర్రగా వేలెడంత ఉంటాయి. ఈ సంగతి సోమయాజులుగారికి తెలియదు. కిటికీలోంచి చూసి, అన్నీ తెల్లవేనని, తెలుపు మీద తాను మొదటి నుంచీ మొగ్గుగానే ఉన్నానని రాజుకు విన్నవించారు. నాలుగోనాటికి పిల్లల చర్మం నల్లబడింది. అప్పుడు వెళ్లి, పితృబీజం ప్రబలమైందని, నలుపని తాను రాయించిన మాట గుర్తుచేశారు. ఎనిమిదోనాటి నుంచి ఆయన కిటికీ దగ్గరకు వెళ్లడం మానేశారు. ఆరోగ్యం బాగాలేదన్నారు.

పన్నెండోనాడు రాజు పరివారంతో వచ్చి ముద్ర చూశాడు. చెక్కుచెదరలేదు. తలుపు తీయించాడు. తెల్లటి తల్లి పక్కన ఏడు పిల్లలు కువకువలాడుతున్నాయి. ఏడూ మట్టిరంగువే. దున్నిన చేను మీద వదిలితే ఏది గడ్డో ఏది కుందేలో పోల్చుకోలేం. భటుల్లో పెద్దవాడు తనకు తెలియకుండానే ఓబుళమ్మకు దండం పెట్టాడు. మా తాత ఈ ఘట్టం చెప్పేటప్పుడు మీసం దువ్వుకునేవాడు, పిల్లల్ని ఈనింది తానే అయినట్టు.

ఇది నీకెలా తెలిసిందని రాజు అడిగాడు. ఆమె తన తెల్ల కుందేలును ఎత్తుకుని చెప్పింది. తెలుపంటే రంగు కాదట, రంగు మీద కప్పిన దుప్పటట. ఈ తెల్లదాని అవ్వలూ ముత్తవ్వలూ అడవి రంగువి, ఐదు తరాల తాళ్లలో ఒక్క నల్ల ముడి లేదు. కాబట్టి దుప్పటి కింద ఉన్నది మట్టిరంగే. రాజు ఏరిన నల్లదాని తాటి వరసలో తెలుపు ఎక్కడా కలవలేదు, దానితో కలిస్తే దుప్పటి తొలగిపోతుంది. మట్టిరంగుకూ నలుపుకూ పోటీ వస్తే మట్టిరంగే పైన కూర్చుంటుంది.

రాజు ముఖం విప్పారింది. ఇంకొక్క క్షణం ఊరుకుంటే ఆమె పని ఆమెకు దక్కేదే. సోమయాజులుగారు ఊరుకుంటారా? ముందుకు వచ్చి చేతులెత్తారు. ప్రభువులు గమనించాలి, అడవి కుందేలు రంగు పుట్టిందంటే అడవి కుందేలే చొరబడిందన్నమాట, తన నియమానికి ఇంతకన్నా రుజువేముంది, ఆమె ముందే చెప్పగలిగిందంటే ముందే ఏర్పాటు చేసుకుందన్నమాట, అన్నారు. బండల గదిలోకి ఎలా వచ్చిందని సేనాపతి గొణిగితే, కలుగు తవ్వడం కుందేలుకు పుట్టుకతో వచ్చిన విద్య అన్నారు.

రాజు తలుపుకు తాను వేయించిన ముద్ర వైపు చూశాడు, ఊరంతా వేయించిన దండోరా తలుచుకున్నాడు. దండోరా వెనక్కి తీసుకోవడం ఆయన వంశంలో ఎవరూ చెయ్యని పని. సోమయాజులుగారి మాట నమ్మితే ఆ అవసరం ఉండదు. నమ్మాడు.

ఓబుళమ్మకు అప్పటిదాకా భయమే ఉంది. అప్పుడు మాత్రం కోపం వచ్చింది. కళ్ల ముందు పుట్టిన నిజాన్ని కూడా దొంగదే అంటుంటే రాదా? అయినా ఆమె గొంతు పెంచలేదు. రెండు చేతులూ జోడించింది.

"అట్లయితే ఒప్పుకుంటాను మారాజా. పోయే ముందు ఒక్క మనవి. అయ్యవారు చెప్పిన నియమం రాతిమీద చెక్కించండి. నా తర్వాత వచ్చేవోళ్లు ఇట్లాంటి తప్పు చెయ్యకుండా ఉంటారు. చిత్రశాలలో మీ పెద్దల పటాలుండాయి గదా, వంశశుద్ధి మాట కాబట్టి ఆ పెద్దల ముందరే చదివించి, ఆడనే నిలబెట్టండి."

రాజుకు ఇది ఎంతో నచ్చింది. పెద్దలు, వంశం, శిలాశాసనం, మూడూ ఒకేచోట. సోమయాజులుగారికి ఇంకా నచ్చింది. తన మాట రాతికెక్కడం ఆయన చిరకాలపు కోరిక. అందరూ అక్కడి నుంచి అక్కడే చిత్రశాలకు కదిలారు. గోడ నిండా నిలువెత్తు పటాలు. రాజు తన తల్లిదండ్రుల పటాలకు ఎదురుగా ఆసనం వేయించుకుని కూర్చున్నాడు. సోమయాజులుగారు ఆ పటాలకు వీపు పెట్టి నిలబడి, గొంతు సవరించుకున్నారు.

రాజుగారి కళ్ల సంగతి మీకింతవరకూ చెప్పలేదు. కావాలనే చెప్పలేదు. ఆయనవి పిల్లికళ్లు. తేనెరంగులో మెరిసేవి. ఆ కళ్లంటే ఆయనకు మహా గర్వం. సింహనేత్రుడని కవుల చేత పొగిడించుకునేవాడు. ఆ కళ్లతో ఆయన ఎదురుగా ఉన్న పటాల వైపు చూశాడు. తండ్రి కళ్లు బొగ్గు నలుపు. తల్లి కళ్లు నేరేడుపళ్లు.

సోమయాజులుగారు రాగయుక్తంగా చదువుతున్నారు.

"తల్లిలోనూ తండ్రిలోనూ లేని రంగు బిడ్డలో కనబడినచో, చీమ మొదలు బ్రహ్మ పర్యంతమూ, మధ్యలో..."

అక్కడిదాకా వచ్చి రాజు ముఖంలోకి చూశారు. ఆ తేనెరంగు కళ్లు తన మీదే ఉన్నాయి. ఆయన నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది. సేనాపతి నేలమీద ఏదో పడినట్టు వంగాడు. మంత్రి పైకప్పు నగిషీలు పరీక్షగా చూడసాగాడు. మాట్లాడితే ఆ మాట ఎక్కడ తగులుతుందో అందరికీ తెలుసు.

రాజు నెమ్మదిగా, "ఓబుళమ్మా, ఇదంతా నువ్వు కావాలనే చేశావు కదూ?" అన్నాడు.

"చదివింది అయ్యవారు మారాజా. నేనైతే ఆ మాట నమ్మను. మీ తల్లిగారి మీద ఆ మాట పడనియ్యను కూడా. అదిగో, అటు చూడండి," అంది ఆమె.

ఆమె చూపించిన మూలలో పాతబడిన పటం ఒకటి ఉంది. రాజుగారి నాయనమ్మ. కొండసీమ నుంచి కాపురానికి వచ్చిన కొత్త కోడలుగా ఉన్నప్పటి బొమ్మ. తేనెరంగు కళ్లు. ఒళ్లో ఒక తెల్ల కుందేలు.

"ఆ పెద్దమ్మగారు పుట్టింటి నుంచి గంపెడు తెల్ల కుందేళ్లను తెచ్చుకున్నారు. ఆ గంప దించింది మా అత్తకు అత్త. ఆ కుందేళ్లు మన నల్లవాటితో కలిసినాయి. ఆ తెల్లవాటి దుప్పటి కింద ఉన్నది నలుపే, అందుకే పిల్లలు నల్లగానే పుట్టినాయిగానీ తెలుపు లోపల దాక్కుంది. ఈ పెద్దమ్మగారి కళ్లూ అంతే, మీ నాయనగారి లోపల దాక్కున్నాయి. ఒకవైపే దాక్కుంటే ఎప్పటికీ బయటపడదు, రెండువైపులా ఉంటేనే పడతాది. మీ అమ్మగారెవరు? ఈ పెద్దమ్మగారి అన్న కూతురు. మేనరికం. రెండువైపులా ఒకటే పుట్టిల్లు. మన నల్ల జంట కూడా మేనత్త మేనమామ బిడ్డలే. దాక్కున్నది తరం దాటి బయటికొస్తే అది దొంగ సొత్తు కాదు మారాజా, అవ్వ సొత్తు."

రాజు లేచి ఆ పటం దగ్గరకు వెళ్లాడు. రోజూ ఆ దారినే నడిచేవాడు, ఎన్నడూ ఆగి చూసింది లేదు. ఆయన్ని చిన్నప్పుడు ఎత్తుకుని తిప్పిన నాయనమ్మే. దగ్గరగా నిలబడి ఆ కళ్లలోకి చూశాడు. చూస్తూ చూస్తూ నవ్వడం మొదలుపెట్టాడు. మొదట లోపల్లోపల, తర్వాత పొట్ట పట్టుకుని, చివరకు గోడకు ఆనుకుని. ఇంత వంశం చెప్పుకునే నాకు, మా అవ్వ కళ్లు ఒక కుందేళ్ల మనిషి చూపిస్తేగానీ కనబడలేదు కదయ్యా అని మంత్రితో అన్నాడు. రాజు నవ్వాడు గనక కొలువంతా నవ్వింది, ఈసారి మనస్ఫూర్తిగా.

నవ్వు తగ్గాక, ఆ నియమం రాతిమీద చెక్కిద్దామా అని సోమయాజులుగారిని అడిగాడు. ఆయన జీవితంలో మొదటిసారిగా, తనకు ఆ విషయం సరిగ్గా తెలియదని చెప్పారు. రాజు ఆ మాటకు మెచ్చి ఆయన్ని క్షమించాడు. కుందేలు పిల్లకు రంగు ఎన్నో రోజున తేలుతుందో తెలుసుకునేదాకా వనంలో గూళ్లు ఊడవమన్నాడు.

తర్వాత ఓబుళమ్మ వైపు తిరిగాడు. ఆమెను ఆస్థాన పండితురాలిని చేస్తానన్నాడు. చేతులకు బంగారు కడియాలు చేయిస్తానన్నాడు. ఏరు పారే ఊరు ఒకటి మాన్యంగా రాసిస్తానన్నాడు. అన్నింటికీ ఆమె తల అడ్డంగా ఊపింది.

"ఇంకేం కావాలో నువ్వే అడుగు. ఏదైనా ఇస్తాను," అన్నాడు రాజు.

"మీరు ఇచ్చేదేమీ లేదు మారాజా. నా దగ్గర తీసుకున్నది తిరిగియ్యండి, చాలు."

రాజు ముఖంలో నవ్వు ఆగింది. ఇవ్వడం ఆయనకు అలవాటే, రోజూ ఎవరికో ఏదో ఇస్తూనే ఉంటాడు. తీసుకున్నది తిరిగివ్వడం ఆయనకు కొత్త. తలపాగా తీసి మంత్రి చేతిలో పెట్టి, అలాగే తల మీద ఏమీ లేకుండా చిత్రశాల మెట్లు దిగాడు. ఓబుళమ్మను ముందు నడవమని, తాను వెనక నడుస్తూ, ఊళ్లో జనమంతా చూస్తుండగా నడివీధిలోంచి ఆమెను వనం గుమ్మం దాకా తానే దిగబెట్టాడు. వనం నీది, నీ తర్వాత నీ కోడళ్లది, దొంగ అన్న మాట నాది, అది నేను వెనక్కి తీసుకుంటున్నాను అని అందరికీ వినబడేలా చెప్పాడు. మళ్లీ నవ్వి, కడియాలూ మాన్యమూ కూడా ఇచ్చాడనుకోండి. రాజు కదా, ఇవ్వకుండా ఉండలేడు.

చిత్రగిరి రాజుల కథలు మేం చాలా మర్చిపోయాం. ఎవరు ఎవరి మీద గెలిచారో అడిగితే చెప్పలేం. రాజును వెనక నడిపించుకుంటూ వచ్చిన మా ఓబుళమ్మను మాత్రం మర్చిపోలేదు. ఆ రోజు గుమ్మం దాటగానే ఆమె వెనక్కి తిరిగి దండాలు పెట్టించుకోలేదట. నలభై మూడు రోజులుగా కుందేళ్లకు ఎండుగడ్డి తప్ప వేసినవాడు లేడని తెలిసి, కొంగు బిగించి, కొడవలి ఎక్కడని భటుల్ని కేకలేసిందట.